మూగబోయిన శనివారాలు

అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ ఆడే ప్రతి విశ్వవిద్యాలయానికీ గెలుపోటముల పట్టిక ఒకటి ఉంటుంది. ఏడాదికొక వరుస. ఆ ఏడు కోచ్ ఎవరు, ఎన్ని గెలిచారు, ఎన్ని ఓడారు. టెక్సస్ రాష్ట్రం డాలస్ నగరంలోని సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ పట్టికలో 1986కి ఎదురుగా ఆరు గెలుపులు, అయిదు ఓటములు కనిపిస్తాయి. ఆ తర్వాత మళ్లీ అంకెలు కనిపించేది 1989 దగ్గరే. నడుమ రెండేళ్లు ఖాళీ. యుద్ధం వచ్చి కాదు, మహమ్మారి వచ్చి కాదు. జట్టు ఉంది, మైదానం ఉంది, కోచ్‌లకు కార్యాలయాలున్నాయి, ఆడదామని వచ్చిన పిల్లలున్నారు. ఆట మాత్రం లేదు.

అందరూ ఎస్‌ఎంయూ అని పిలిచే ఈ విశ్వవిద్యాలయాన్ని 1911లో మెథడిస్ట్ చర్చి స్థాపించింది. డాలస్‌లో సంపన్నులు ఉండే పేటల నడుమ, ఎర్ర ఇటుక భవనాలతో, చెట్ల నీడలో ఉండే చిన్న ప్రైవేటు చదువుల నెలవు అది. జట్టు పేరు మస్టాంగ్స్. మచ్చికకు లొంగని అడవి గుర్రాల పేరది. కానీ ఆట రోజున మైదానంలోకి జట్టు కంటే ముందు దూసుకొచ్చేది పెరూనా అనే పొట్టి నల్ల షెట్లాండ్ గుర్రం. ఆ గుర్రాన్ని చూడ్డానికే స్టేడియానికి వచ్చే పసిపిల్లలుండేవారు.

అక్కడివాళ్లు ఫుట్‌బాల్ అనేది మనకు తెలిసిన ఫుట్‌బాల్‌ను కాదు. బంతి రెండు కొసలా మొనదేలి ఉంటుంది. చేత్తో పట్టుకుని పరుగెత్తవచ్చు, ముందున్నవాడికి విసరవచ్చు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు గెలవాలి. లేకపోతే బంతి ఎదుటివాళ్లకు పోతుంది. చివరి గీత దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. టెక్సస్‌లో శుక్రవారం రాత్రి హైస్కూలు పిల్లల ఆట, శనివారం కాలేజీలది, ఆదివారం జీతగాళ్లది. శరదృతువంతా ఊళ్లకు ఊళ్లు ఈ మూడు రోజుల చుట్టూ బతుకుతాయి. గెలిచిన వారం దుకాణాల్లో మాటల తీరే మారిపోతుంది.

అప్పట్లో ఎస్‌ఎంయూ ఆడే లీగ్ పేరు సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్. 1980ల నాటికి అందులో తొమ్మిది జట్లుంటే ఎనిమిది టెక్సస్‌వే, తొమ్మిదోది పొరుగున ఉన్న ఆర్కన్సా. ఈ పతనాన్ని అర్థం చేసుకోవడానికి ఆ లెక్క చాలా ముఖ్యం. డాలస్‌లోని చమురు కంపెనీల్లో, బ్యాంకుల్లో, రియల్ ఎస్టేట్ ఆఫీసుల్లో ఈ ఎనిమిది కాలేజీల పూర్వవిద్యార్థులూ పక్కపక్క గదుల్లో పనిచేసేవారు. శనివారం ఎవరు ఓడారో సోమవారం పొద్దున లిఫ్టులోనే తెలిసేది. ఆటలో పోయింది తమ పరువేనని నమ్మే పెద్దమనుషుల దగ్గర చమురు డబ్బు గుట్టలుగా ఉంది. వాళ్లను అక్కడ బూస్టర్లంటారు. కాలేజీకి విరాళాలిస్తారు, జట్టుకు కొమ్ము కాస్తారు. అవసరమైతే, నిబంధనలు వద్దన్నా, ఆటగాడి ఇంటికి డబ్బు కవరు కూడా పంపిస్తారు.

ఆ రోజుల్లో నియమం ఒక్కటే. కాలేజీ ఆటగాడు జీతగాడు కాదు. అతనికి ఫీజు, గది, తిండి, పుస్తకాలు తప్ప పైసా అందకూడదు. దేశమంతటా కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ అనే సంస్థ ఈ నియమానికి కాపలా. స్టేడియాల్లో వేలమంది టికెట్లు కొంటారు, టీవీ కంపెనీలు డబ్బు కుమ్మరిస్తాయి, కోచ్‌లకు పెద్ద జీతాలుంటాయి. బంతి పట్టుకుని ఎముకలు విరగ్గొట్టుకునే పందొమ్మిదేళ్ల కుర్రాడి చేతికి మాత్రం ఏమీ రాదు. ఆ కుర్రాళ్లలో చాలామంది బీద ఇళ్లనుంచి, చిన్న ఊళ్లనుంచి వచ్చినవాళ్లు. ఇంట్లో అమ్మ అద్దె కట్టలేక ఇబ్బంది పడుతుంటే, ఎవరో ధనికుడు ఒక కవరు చేతిలో పెడితే, వద్దనగల గుండె ఎంతమందికుంటుంది? వాళ్లను దొంగలనడానికి నాకు మనసొప్పదు.

1976లో రాన్ మేయర్ అనే కోచ్ వచ్చాక ఎస్‌ఎంయూ దశ తిరిగింది. హైస్కూళ్లకు వెళ్లినప్పుడు ఆయన నోటీసు బోర్డు మీద తన విజిటింగ్ కార్డుకు బదులు వంద డాలర్ల నోటు గుచ్చి వచ్చేవాడని టెక్సస్‌లో కథలుగా చెప్పుకుంటారు. 1979లో ఇద్దరు కుర్రాళ్లు ఒకేసారి చేరారు. సీలీ అనే చిన్న ఊరినుంచి ఎరిక్ డికర్సన్, హ్యూస్టన్ నుంచి క్రెయిగ్ జేమ్స్. ఇద్దరూ బంతి పట్టుకుని పరుగెత్తేవాళ్లే. ఒకరు అలిసిపోతే ఇంకొకరు వచ్చేవారు. పాతకాలపు గుర్రపు తపాలా పేరు మీద ఈ జోడీని పోనీ ఎక్స్‌ప్రెస్ అని పిలిచారు. నాలుగేళ్లలో డికర్సన్ 4,450 గజాలు పరుగెత్తాడు. తర్వాత ప్రొఫెషనల్ ఆటలో 1984లో ఒకే సీజన్‌లో 2,105 గజాలు చేసి రికార్డు నెలకొల్పాడు. అది ఇంతవరకూ చెక్కు చెదరలేదు.

1982 సీజన్ ఆ జట్టుకు శిఖరం. మేయర్ వెళ్లిపోయి బాబీ కాలిన్స్ కోచ్‌గా వచ్చిన మొదటి ఏడు. టెక్సస్ టెక్ మీద చివరి క్షణాల్లో, అవతలివాళ్లు తన్నిన బంతిని పట్టుకుని మైదానం ఈ చివరినుంచి ఆ చివరికి పరుగెత్తి గెలిచారు. నవంబర్‌లో ఆర్కన్సాతో మ్యాచ్ చివర్లో టచ్‌డౌన్ తర్వాత ఒక్క పాయింటు తన్ని 17–17తో సరిపెట్టుకున్నారు. రెండు పాయింట్ల కోసం పందెం కాసి ఉంటే గెలిచేవాళ్లేమో, ఓడేవాళ్లేమో. ఆ డ్రాతో లీగ్ కిరీటం ఖాయమైంది, సీజన్ ముగిశాక డాలస్‌లో జరిగే కాటన్ బౌల్ మ్యాచ్‌కు దారి దొరికింది. జనవరి 1న పిట్స్‌బర్గ్‌ను 7–3తో ఓడించారు. ఆ ఏడాది పెద్ద జట్లలో ఓటమి లేనిది ఎస్‌ఎంయూ ఒక్కటే. అయినా జాతీయ ఛాంపియన్ ఎవరన్నది ఓట్లతో తేలే కాలం అది. ఒక మ్యాచ్ ఓడిన పెన్‌స్టేట్‌కు మొదటి స్థానం దక్కింది, ఎస్‌ఎంయూ రెండో స్థానంలో ఆగింది. 1981 నుంచి 1984 వరకు నాలుగేళ్లలో 41 గెలుపులు, 5 ఓటములు, 1 డ్రా. దేశంలో అంతకు మించి గెలిచిన జట్లు లేవనే చెప్పాలి.

ఆ గెలుపుల కింద నేల గుల్లబారుతోందని ఊళ్లో చాలామందికి తెలుసు. ఎన్‌సీఏఏ అప్పటికే ఈ కాలేజీని ఒకటికి మించి సార్లు శిక్షించింది. 1985 ఆగస్టులో మళ్లీ పట్టుబడ్డారు. పిట్స్‌బర్గ్ ప్రాంతంనుంచి వచ్చిన ఒక కుర్రాడు తనను చేర్చుకోవడానికి డబ్బిచ్చారని చెప్పడంతో అది బయటపడింది. ఈసారి శిక్ష గట్టిగానే పడింది. రెండేళ్లలో 45 స్కాలర్‌షిప్‌లు పోయాయి, సీజన్ ముగిశాక ఆడే బౌల్ మ్యాచ్‌లకు అనుమతి పోయింది. అదే ఏడాది ఎన్‌సీఏఏ కొత్త నిబంధన తెచ్చింది. అయిదేళ్లలో రెండుసార్లు పెద్ద తప్పు చేసిన కాలేజీని ఆ ఆట ఆడకుండానే ఆపేయవచ్చు. విలేకరులు దానికి మరణశిక్ష అని పేరు పెట్టారు. ఏ పెద్ద కాలేజీ మీదా దాన్ని నిజంగా ప్రయోగిస్తారని ఎవరూ అనుకోలేదు.

ఎస్‌ఎంయూ పెద్దలు అక్కడే ఆగి ఉంటే ఈ కథ లేదు. వాళ్ల ముందు అప్పుడు రెండు దారులున్నాయి. చెల్లింపులు ఆ పూటే ఆపేయడం ఒకటి. మాటిచ్చాం కాబట్టి, ఇప్పటికే డబ్బు తీసుకుంటున్న కుర్రాళ్లు చదువు ముగించుకుని వెళ్లేదాకా ఇస్తూ పోయి, కొత్తవాళ్లకు ఇవ్వకుండా మెల్లగా ముగించడం ఇంకొకటి. రెండోదే ఎంచుకున్నారు. ఆ నిర్ణయంలో పాలుపంచుకున్నది ఎవరో ఊరూ పేరూ లేని అభిమాని కాదు. చమురు బావులు తవ్వే కంపెనీ స్థాపించి కోటీశ్వరుడై, ఒకసారి టెక్సస్ గవర్నర్‌గా చేసి, అప్పుడు విశ్వవిద్యాలయ పాలకమండలికి అధ్యక్షుడిగా ఉన్న బిల్ క్లెమెంట్స్. హఠాత్తుగా ఆపితే కుర్రాళ్లు నోరు విప్పుతారన్న భయం ఆ నిర్ణయం వెనుక ఉంది. అంటే శిక్ష పడ్డ తర్వాత, ఆ శిక్షను ఎదుట పెట్టుకుని, అన్నీ తెలిసే కొనసాగించారు. నన్ను ఈనాటికీ కలచివేసేది ఆ కవర్లు కాదు, తీరిగ్గా కూర్చుని తీసుకున్న ఈ నిర్ణయం.

1986లో టెక్సస్‌కు కాలం కలిసిరాలేదు. చమురు ధర కుప్పకూలింది. డాలస్‌లో కడుతున్న భవనాలు మధ్యలో నిలిచిపోయాయి. ఆ నవంబర్ మొదటివారంలో క్లెమెంట్స్ మళ్లీ గవర్నర్‌గా గెలిచాడు. వారం తిరిగేసరికి, నవంబర్ 12 రాత్రి డాలస్‌లోని ఎనిమిదో ఛానల్‌లో ఒక ప్రత్యేక కార్యక్రమం వచ్చింది. మునుపు జట్టులో లైన్‌బ్యాకర్‌గా ఆడిన డేవిడ్ స్టాన్లీ తెరమీదికొచ్చి, చేరడానికి తనకు 25,000 డాలర్లిచ్చారనీ, తర్వాత నెలనెలా డబ్బు అందిందనీ చెప్పాడు. పెద్ద శిక్ష పడ్డాక కూడా అందిందనీ చెప్పాడు. ఆ ఒక్క మాటే అన్నిటినీ మించింది.

క్రీడా విలేకరి డేల్ హాన్సెన్ అంతకు ముందే కోచ్ కాలిన్స్‌ను, క్రీడా విభాగాధిపతి బాబ్ హిచ్‌ను, ఆటగాళ్లను చేర్చే పనిచూసే హెన్రీ లీ పార్కర్‌ను కెమెరా ముందు పక్కపక్కన కూర్చోబెట్టాడు. స్టాన్లీ ఇంటికి తపాలాలో వచ్చిన ఒక కవరు చూపించాడు. దాని మీద పొడి అక్షరాల్లో ఒక సంతకం. పార్కర్ మొదట ఆ చేతిరాత తనదేనన్నాడు. తపాలా ముద్ర మీది తేదీ ఎంత ప్రమాదకరమో తలకెక్కాక కాదన్నాడు. ఆ రెండు జవాబుల మధ్య ఉన్న కొద్ది నిమిషాల్లోనే ఒక జట్టు ప్రాణం పోయిందనిపిస్తుంది, ఆ దృశ్యం చూస్తే. డాలస్‌లో మాత్రం చాలామంది అభిమానులకు కోపం వచ్చింది డబ్బు పంచినవాళ్ల మీద కాదు, నోరు విప్పిన కుర్రాడి మీద. స్టాన్లీ 2005లో, చిన్న వయసులోనే చనిపోయాడు.

డిసెంబర్‌లో హిచ్, కాలిన్స్ రాజీనామా చేశారు, పార్కర్ కూడా వెళ్లిపోయాడు. వెళ్లేటప్పుడు ఆ ముగ్గురికీ కలిపి విశ్వవిద్యాలయం ఇచ్చిన పరిహారం 8 లక్షల డాలర్లకు పైమాటే. ఇక్కడ రెండు లెక్కలు పక్కపక్కన పెట్టక తప్పదు. ఎన్‌సీఏఏ దర్యాప్తులో తేలిందేమిటంటే, 1985–86లో 13 మంది ఆటగాళ్లకు ముట్టినది సుమారు 61,000 డాలర్లు. నెలకు 50 నుంచి 725 డాలర్ల వరకు. ఎనిమిది మందికి 1986 డిసెంబర్ దాకా అందుతూనే ఉంది. ఈ 61,000 మహాపాపమైంది. ఆ 8 లక్షలు సక్రమమైన కాగితాల మీద, సంతకాలతో, చట్టబద్ధంగా చేతులు మారాయి.

1987 ఫిబ్రవరి 25న తీర్పు వచ్చింది. 1987 సీజన్ మొత్తం రద్దు. 1988లో సొంత ఊళ్లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకూడదు, బయట ఏడు మాత్రం ఆడుకోవచ్చు. నాలుగేళ్లలో 55 కొత్త స్కాలర్‌షిప్‌లు పోయాయి. సహాయ కోచ్‌లు తొమ్మిదికి బదులు అయిదుగురే ఉండాలి. 1989 దాకా బౌల్ మ్యాచ్‌లు లేవు, టీవీ ప్రసారం లేదు. తీర్పు ప్రకటించిన ఎన్‌సీఏఏ అధికారి డేవిడ్ బర్స్ట్ ఆ విలేకరుల సమావేశంలోనే స్పృహ తప్పి పడిపోయాడు. శిక్ష వేసినవాడికే కాళ్లు తేలిపోయాయి.

తీర్పుతోపాటు ఆటగాళ్లకు ఒక వెసులుబాటు ఇచ్చారు. మామూలుగా కాలేజీ మారితే ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాలి. వీళ్లు వెంటనే ఎక్కడికైనా వెళ్లి ఆడవచ్చు. దాంతో దేశం నలుమూలలనుంచి పదులకొద్దీ కాలేజీల కోచ్‌లు డాలస్‌లో దిగారు. ఆటగాళ్ల వసతి గృహం దగ్గర కాపు కాశారు. నిన్నటిదాకా ఒకే బల్ల దగ్గర అన్నం తిన్న కుర్రాళ్లు ఒక్కొక్కరే సంచి సర్దుకుని ఒక్కో రాష్ట్రానికి వెళ్లిపోయారు. తండ్రి పోయిన ఇంట్లో ఏడుపులు ఆగకముందే సామాను బేరమాడే చుట్టాల్లాంటి ఆ రాకపోకలను తలచుకుంటే, అక్కడ ఆ వారం రోజులు ఎలా గడిచాయో ఊహించుకోవచ్చు. ఏప్రిల్ నాటికి చాలినంతమంది ఆటగాళ్లు మిగల్లేదు. 1988లో అనుమతి ఉన్న ఏడు మ్యాచ్‌లు కూడా ఆడలేమని విశ్వవిద్యాలయమే చేతులెత్తేసింది. ఒక ఏడాది శిక్ష రెండేళ్ల మౌనమైంది.

మార్చి 3న క్లెమెంట్స్ నోరు విప్పాడు. గవర్నర్‌గా ప్రమాణం చేసి ఆరు వారాలైంది. చెల్లింపులు కొనసాగాలన్న నిర్ణయంలో తాను ఉన్నానని విలేకరుల ముందు ఒప్పుకున్నాడు. ఆ వేసవిలో మెథడిస్ట్ బిషప్‌ల సంఘం విచారణ జరిపి, పాలకమండలి పెద్దల పాత్రను నివేదికగా ప్రచురించింది. విశ్వవిద్యాలయం తన పాలనావిధానాన్నే మార్చుకుంది. క్లెమెంట్స్ క్షమాపణ చెప్పాడు. పదవి మాత్రం వదల్లేదు, 1991 జనవరి దాకా గవర్నర్‌గానే ఉన్నాడు. తిలాపాపం తలా పిడికెడు అంటారు మనవాళ్లు. ఎస్‌ఎంయూ విషయంలో ఆ పంపకం జరగలేదు. పైవాళ్ల పిడికెళ్లు ఖాళీగానే మిగిలాయి.

ఈ మరణశిక్షను ఎన్‌సీఏఏ ఆ తర్వాత మరే పెద్ద ఫుట్‌బాల్ జట్టు మీదా ప్రయోగించలేదు. ఇంతకంటే ఘోరాలు బయటపడ్డాయి. అయినా దాని జోలికి పోలేదు. పోకపోవడానికి ఎస్‌ఎంయూకి జరిగినదే కారణమని నేననుకుంటాను. 1989 నుంచి 2008 వరకు ఇరవై సీజన్లలో ఆ జట్టు ఓటముల కంటే గెలుపులు ఎక్కువ చూసింది ఒకే ఒక్క ఏడు, 1997లో. 2003లో పన్నెండుకు పన్నెండూ ఓడింది. లీగ్ కూడా దక్కలేదు. 1990లో ఆర్కన్సా వెళ్లిపోతున్నట్టు ప్రకటించింది. 1996లో సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ పూర్తిగా కనుమరుగైంది. దానికి ఇంకా చాలా కారణాలున్నాయి, టీవీ డబ్బు వాటిలో పెద్దది. కానీ ఒకరి మీద ఒకరు ఫిర్యాదులు చేసుకుంటూ, చాలామంది దొంగచాటుగా డబ్బు పంచుతూ బతికిన ఆ ఎనిమిది ఇళ్ల కాపురం 1987 తర్వాత మునుపటిలా లేదు. మళ్లీ ఒక బౌల్ మ్యాచ్ ఆడడానికి ఎస్‌ఎంయూకి ఇరవై అయిదేళ్లు పట్టింది. 2009 డిసెంబర్ 24న హవాయిలో నెవాడాను 45–10తో ఓడించారు.

డికర్సన్, జేమ్స్ పరుగెత్తిన టెక్సస్ స్టేడియం డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉండేది. 2010 ఏప్రిల్‌లో దాన్ని పేల్చి కూల్చేశారు. ఇప్పుడు ఇర్వింగ్‌లో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ హైవే కూడలి మీదుగా ఆఫీసులకు వెళ్లే మనవాళ్లలో, అక్కడ ఏముండేదో ఎరిగినవాళ్లు కొద్దిమందే ఉంటారు. ఎరిగినా, చాలావరకు ప్రొఫెషనల్ జట్టు డాలస్ కౌబాయ్స్ స్టేడియమనే ఎరుగుదురు.

తర్వాత కాలం మారింది. 2021 జులై నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు మీద, బొమ్మ మీద డబ్బు సంపాదించుకోవచ్చు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందం ప్రకారం కాలేజీలే నేరుగా ఆటగాళ్లకు చెల్లించవచ్చు. మొదటి ఏడాదికి ఒక్కో కాలేజీకి పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. 61,000 డాలర్లకు ఉరి తీసిన చోట ఈ అంకె చదివితే గుండె భారమవుతుంది. ఎస్‌ఎంయూ కూడా ఈ కొత్త లోకంలో మళ్లీ లేచి నిలబడింది. తొమ్మిదేళ్లపాటు టీవీ ఆదాయంలో వాటా అడగబోమని ఒప్పుకుని 2024లో ఏసీసీ అనే పెద్ద లీగ్‌లో చేరింది. ఆ లోటు పూడ్చింది మళ్లీ డాలస్ ధనికులే, ఈసారి పట్టపగలు. మొదటి ఏడాదే లీగ్ మ్యాచ్‌లన్నీ గెలిచి, ఫైనల్లో క్లెమ్సన్ చేతిలో చివరి క్షణంలో 34–31తో ఓడి, జాతీయ ప్లేఆఫ్‌కు చేరింది. అక్కడ ఎదురైంది పెన్‌స్టేట్. 1982లో తమకంటే ఒక్క మెట్టు పైన నిలిచిన ఆ పెన్‌స్టేటే. 38–10తో ఓడిపోయారు.

ఇన్ని చెప్పినా, ఈ పతనం గురించి ఆలోచించినప్పుడు నా మనసు డికర్సన్ దగ్గరా ఆగదు, క్లెమెంట్స్ దగ్గరా ఆగదు. 1989 జట్టు దగ్గర ఆగుతుంది. ఆ పిల్లల్లో ఒక్కరూ కవరు అందుకున్నవాళ్లు కారు. చాలామంది ఎవరూ పిలవకపోతే వచ్చి చేరినవాళ్లు. పెద్ద జట్లు ఎత్తు చాలదన్న, బరువు చాలదన్న పిల్లలు.

వాళ్లను నడపడానికి ఫారెస్ట్ గ్రెగ్ వచ్చాడు. 1950లలో ఇదే కాలేజీకి ఆడి, తర్వాత ప్రొఫెషనల్ జట్టు గ్రీన్‌బే ప్యాకర్స్‌లో కోచ్ విన్స్ లొంబార్డీ కింద మహా ఆటగాడని పేరు తెచ్చుకుని, సిన్సినాటి బెంగాల్స్‌ను కోచ్‌గా సూపర్‌బౌల్ దాకా తీసుకెళ్లిన మనిషి. 1988 జనవరిలో ప్యాకర్స్ కోచ్ పదవి వదిలి, ఆట లేని ఈ కాలేజీకి వచ్చాడు. ఆ ఏడాదంతా మ్యాచ్ లేకుండానే సాధన చేయించాడు. శనివారం వచ్చేది, పోయేది. కొత్త జట్టుకు పెద్ద స్టేడియం అక్కర్లేదని కాలేజీ ఆవరణలోనే ఉన్న, 1926లో కట్టిన ఓన్‌బీ స్టేడియాన్ని బాగుచేశారు. 24,000 మంది కూడా పట్టని పాత మైదానం అది. 1989 సెప్టెంబర్ 2న అక్కడే రైస్‌తో ఆడి 35–6తో ఓడారు. ఒళ్లు ఇంకా ముదరని కుర్రాళ్లు ఇరవై రెండేళ్ల బలశాలులను ఢీకొట్టడం చూడ్డానికే కష్టంగా ఉండేది.

ఆ సీజన్ మాటెత్తితే అందరూ చెప్పేది హ్యూస్టన్ మ్యాచ్. అక్టోబర్ 21, ఆస్ట్రోడోమ్. హ్యూస్టన్ కూడా ఆటగాళ్లకు డబ్బిచ్చి పట్టుబడి, ఆ ఏడాది టీవీకి నోచుకోని జట్టే. అదే తప్పుకు ఒకరికి ఆ శిక్ష, ఒకరికి ఈ శిక్ష. కోచ్ జాక్ పార్డీ జట్టు బంతి దొరికినప్పుడల్లా గాల్లోకి విసిరే ఆట ఆడేది. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ ఆండ్రే వేర్ మొదటి సగంలోనే 517 గజాలు, ఆరు టచ్‌డౌన్లు విసిరాడు. అతన్ని కూర్చోబెట్టాక వచ్చిన డేవిడ్ క్లింగ్లర్ కూడా విసురుతూనే ఉన్నాడు. మ్యాచ్ ముగిసేసరికి 95–21. హ్యూస్టన్ మొత్తం 1,021 గజాలు గెలిచింది. ఒక మ్యాచ్‌లో అన్ని గజాలు అంతకు ముందు ఏ పెద్ద జట్టూ గెలవలేదు. ఆ ఏడాది దేశంలో ఉత్తమ ఆటగాడిగా హైస్మన్ ట్రోఫీ వేర్‌కే దక్కింది. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేసినట్టు ఆ రోజు ఆడినవాళ్లను నేను క్షమించలేను. తర్వాత నోటర్‌డామ్‌తో 59–6. ఏడాది చివరికి రెండు గెలుపులు, తొమ్మిది ఓటములు.

ఆ రెండు గెలుపుల గురించి చెప్పేవాళ్లు తక్కువ. ఒకటి నార్త్ టెక్సస్ మీద. రెండోది ముందు జరిగింది, సెప్టెంబర్ 16న, సీజన్‌లో రెండో మ్యాచ్. ఓన్‌బీలో కనెటికట్‌తో. చివరి క్వార్టర్‌లో ఎస్‌ఎంయూ బాగా వెనకబడి ఉంది. రైస్ చేతిలో జరిగినదే మళ్లీ జరుగుతుందని చాలామంది అనుకునే ఉంటారు. అక్కడినుంచి గ్రెగ్ పిల్లలు ఒక్కో గజం పోగేసుకుంటూ వచ్చారు. గడియారంలో సమయం అయిపోతుండగా ఆడిన చిట్టచివరి ఆటలో మైక్ రోమో బంతిని చివరి గీత అవతలి ఎండ్‌జోన్‌లోకి విసిరాడు, మైఖేల్ బోవెన్ పట్టుకున్నాడు. 31–30. మూడేళ్ల తర్వాత ఎస్‌ఎంయూ ఒక మ్యాచ్ గెలిచింది. గెలిపించినవాళ్లు 1986లో హైస్కూలు పిల్లలు.